నూట యాభై మీటర్ల మాటపట్టింపు

ఉలాన్‌బాతర్‌కి ఉత్తరాన, కొండవాలు మీద
ఉన్ని గుడారాల వాడలో మైనస్ ముప్ఫై ఒకటి.
గొంబోసురేన్ తాత హీటర్ని బూటు మొనతో తోశాడు.
"దుకాణంలో ఎర్రగా మండింది, బదమ్‌ఖంద్.
కొండెక్కేసరికి సోమరైపోయింది.
తిరిగిచ్చేయ్."

నేను జవాబు చెప్పలేదు. తొడుగు పళ్ళతో లాగి
చంకలో దాచి తెచ్చిన మీటరు తీశాను.
దాని బ్యాటరీకీ చలే కదా.

ప్లగ్గు దగ్గర నూట డెబ్బై ఆరు వోల్టులు.
తీగలో ఎనిమిది ఆంపియర్లు.
భాగించు తాతా, మొదటిదాన్ని రెండోదానితో.
వేళ్ళ మడతల మీద గొర్రెల్ని లెక్కబెట్టినట్టే లెక్కబెట్టాడు,
పెదాలు కదుపుతూ, నా టీ చల్లారిపోయేదాకా.
ఇరవై రెండు.
హీటరు వీపున అచ్చేసిన లెక్కా అదే:
రెండొందల ఇరవై వోల్టులకు పది ఆంపియర్లు,
ఇరవై రెండు ఓములు.
దుకాణంలో ఎంత మొండిదో ఇక్కడా అంతే మొండిది.
దీని మీద నేరం కొట్టేశాను.

మరి వేడేదీ?
ఇప్పుడు ఆ రెండు అంకెల్నే హెచ్చవేస్తే
పద్నాలుగు వందల ఎనిమిది వాట్లు.
నువ్వు డబ్బిచ్చి కొన్నది రెండు వేల రెండు వందలు.
వోల్టులు తగ్గినదేమో అయిదో వంతు,
వేడి పోయిందేమో మూడో వంతుకి మించి.
తోసేవాడు అలిసిపోతే పారేదీ సన్నబడుతుంది, తాతా.
ఒక్క లోటుకి దెబ్బ రెండుసార్లు.

దిగువన లువ్సన్‌దోర్జ్ వాకిట్లో ఉంది మీటరు పెట్టె.
అక్కడ చూస్తే నిండుగా రెండొందల ఇరవై.
అక్కణ్ణించి ఇక్కడికి
అతుకుల మీద అతుకులేసిన సన్నటి అల్యూమినియం తీగ,
నూట యాభై మీటర్లు పోను, నూట యాభై రాను.
నలభై నాలుగు వోల్టులు దారిలోనే రాలాయి.
ఎనిమిదితో భాగిస్తే అయిదున్నర ఓములు.
హెచ్చవేస్తే మూడు వందల యాభై రెండు వాట్లు:
ఎవరూ చలికాచుకోని పొయ్యి,
బిల్లు మాత్రం తాతదే.

మూడో అతుకు దగ్గర మంచు అరచేతి మేర కరిగి ఉంది.
ముసలాయన వంగి, తొడుగు తీసి
దాని దగ్గర చెయ్యి పెట్టాడు.
"ఇక్కడుందన్నమాట" అన్నాడు,
తప్పిపోయిన దూడ దొరికినట్టు.

అంత దూరం ఎందుకు వేశావని అడగకూడదు.
వాడ మొత్తానికీ తెలుసు.
లువ్సన్‌దోర్జ్ బావమరిది.
పోయినావిడ జీను ఎవరిదన్న మీద
నాలుగేళ్ళ క్రితం మాట పడిపోయింది.
కరెంటు మాత్రం పడిపోలేదు.
నెలనెలా బిల్లు డబ్బు తేయాకు డబ్బాలో వేసి
కుక్క గొలుసుతో ఉన్న వేళ చూసి
గడప మీద పెట్టి వస్తాడట.
అవతలివాడు ఖాళీ డబ్బా కంచె మీద బోర్లిస్తాడట.

లావు రాగి తీగ ధర చెప్పాను.
నవ్వాడు. నవ్వితే మీసం మీది మంచు పగిలింది.
"తీగ కొనడం నా వల్ల కాదు.
ఇల్లు కదపడం పుట్టినప్పటి నుంచీ తెలుసు."

మర్నాడు పొద్దున్నే గుడారం విప్పాడు.
ఉన్ని చుట్టలు, నారింజ రంగు వాసాలు,
నడినెత్తిన ఉండే చక్రం, చివర్న హీటరు,
పసిబిడ్డలా దుప్పట్లో.
కంచెకి ఇరవై మీటర్ల దూరంలో
మళ్ళీ గోడ వలయం విప్పుతుంటే
లువ్సన్‌దోర్జ్ వచ్చి, ఏమీ అనకుండా
రెండో వైపు పట్టుకున్నాడు.
కుక్క మాత్రం మొరిగింది.

మిగిలిన తీగని చుట్ట చుట్టి నాకిచ్చారు, కూలి కింద.
మంచి బేరం కాదు. తీసుకున్నాను.
మీటరు ముల్లు రెండొందల పదిహేను చూపింది,
తీగలో దగ్గర దగ్గర పది.
హెచ్చవేయబోతే తాత చెయ్యి అడ్డం పెట్టాడు.
హీటరు ఎర్రబడుతోంది.
ఇద్దరూ దానికేసి చూస్తూ కూర్చున్నారు,
ఒకరికేసి ఒకరు చూడకుండా.

జీను సంగతి ఇంకా తేలలేదు.